వీరుడికి స్టూలు ఎందుకు?

ఇదంతా మీరే చేశారు. "రిపోర్టు బ్రహ్మాండం" అని చెప్పి తలుపు చూపించిన డాక్టరుగారూ, మీరు. పోస్టరు వేయించిన యజమానిగారూ, మీరు. మెడలో విజిల్ వేలాడేసుకుని తిరిగే మేనేజరూ, నువ్వు. మా సంఘం లీడరూ, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? చావు గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషిని అందరూ కలిసి నిలబెట్టి చంపుతున్నారు. ఆయన అడిగింది మేడ కాదు, మిద్దె కాదు. కూర్చోడానికి ఒక స్టూలు.

మాది సోఫాలు, కుర్చీలు చేసే ఫ్యాక్టరీ. లోకంలో జనం నడుం వాల్చడానికి కావలసిన సరుకంతా ఇక్కడ తయారవుతుంది. ఇక్కడ ఎవరూ కూర్చోకూడదు. గేటు దాటగానే గోడ మీద అదే మొదటి రూలు, ఎర్ర అక్షరాలతో. కూర్చుంటే చేతులకు బద్ధకం పాకుతుందని మా విజిల్ మేనేజరు సిద్ధాంతం. ఆయన గదిలో మాత్రం చక్రాల కుర్చీ ఉంది. అందులో కూర్చుని గిర్రున తిరుగుతూ చెప్తాడు ఈ సిద్ధాంతం.

స్ప్రింగుల బల్ల దగ్గర పనిచేసే మేస్త్రీ కథ ఇది. ఆయన పక్క బల్ల నాది, కవర్లు కుట్టే బల్ల. చెక్క ఫ్రేముకి పట్టీలు బిగించి, స్ప్రింగులు కట్టి, పైన స్పంజి పరిచి ఇస్తే నా దగ్గరికి వస్తుంది. మేస్త్రీ బిగించిన పట్టీ మీద వేలితో మీటితే టంగుమనేది. కొత్తగా చేరిన వాళ్ళ చేత ముందు ఆ చప్పుడు వినిపించి, ఆ తర్వాతే సుత్తి చేతికిచ్చేవాడు.

అలాంటి మనిషికి ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది. వారాల తరబడి రేడియేషన్ కరెంటు పెట్టారు. ఒంట్లో మగ హార్మోను ఆపేసే ఇంజెక్షన్లు చేశారు. జబ్బు లొంగింది. చివరి రోజు డాక్టరు కాగితం చూసి, "రిపోర్టు బ్రహ్మాండంగా ఉందండీ, ఇక మీరు మామూలు మనిషి, హాయిగా పనికి వెళ్ళొచ్చు" అన్నాడు. మేస్త్రీ ఇంకేదో అడగబోతే డాక్టరు గంట కొట్టాడు. తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేశాడు.

పనిలోకి వచ్చిన రోజు మేస్త్రీ కోసం మీటింగు పెట్టారు. మమ్మల్ని వరసగా నిలబెట్టారు. నిలబెట్టడం మా వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. యజమాని మైకు పట్టుకున్నాడు.

"మన మేస్త్రీ భయంకరమైన జబ్బును జయించాడు. అదేంటంటే... అది... నడుముకి కొంచెం కింద... లోపల ఒక చోట..."

కుట్టు సెక్షనులో పనిచేసే పెద్దక్క వెనక నించి అరిచింది. "పేరు చెప్పండి సార్, మా ఇళ్ళల్లోనూ మగాళ్ళున్నారు!"

యజమాని దగ్గాడు. పేరు చెప్పలేదు. దాని బదులు పోస్టరు మీద గుడ్డ లాగాడు. అందులో మేస్త్రీ తలకాయ ఉంది. కింద ఒళ్ళు మాత్రం ఎవరో కండలు తిరిగిన కుర్రాడిది. రెండు చేతులూ మడిచి కండ చూపిస్తున్నాడు. కింద "వీరుడు అలసిపోడు" అని రాసుంది. పైన మా కంపెనీ గుర్తు.

మేస్త్రీ దాన్ని పైకీ కిందికీ చూశాడు. "సార్, తలకాయ వరకు నాదే. మిగతాది ఎవరిదో వాళ్ళకి తిరిగి ఇచ్చేయండి."

అందరూ నవ్వారు. పోస్టరు మాత్రం తీసుకెళ్ళి సరిగ్గా ఆయన బల్ల ఎదురుగానే కొట్టారు.

ఆ పోస్టరు కింద మేస్త్రీ మధ్యాహ్నానికే వాడిపోయేవాడు. మామూలుగా ఎక్కువ పని చేస్తే వచ్చే అలుపు ఇది కాదు. రాత్రంతా పడుకుని లేచినా అలాగే ఉంటుంది. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడే ఒళ్ళు ఎవరో నీళ్ళు తోడేసిన బావిలా ఉంటుందట. పట్టీలు కొట్టే స్టేప్లర్ గన్ ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చేవి. ఉన్నట్టుండి ఒంట్లో ఆవిరి పొంగినట్టయి, చొక్కా అంతా తడిసిపోయేది. రాత్రి నిద్ర కూడా ముక్కలు ముక్కలే. కన్ను అంటుకోగానే బాత్రూముకి పరుగు.

"ఏంటి మేస్త్రీ, చెమటలు పడుతున్నాయి? ఫ్యాన్ కింద కూడానా?" అన్నాను ఒకసారి.

"మా ఆవిడకి అయిదేళ్ళ కింద ముట్లు ఆగినప్పుడు వచ్చినవి ఇప్పుడు నాకొస్తున్నాయిరా," అన్నాడు. "నిన్న రాత్రి ఫ్యాన్ పెంచవే అంటే నన్నొక చూపు చూసింది. 'అప్పుడు నేను పెంచమంటే కరెంటు దండగ అన్నారు, జ్ఞాపకముందా?' అంది. పెంచింది అనుకో. కానీ ఆ మాట అన్నాకే పెంచింది."

పట్టీ మీటితే ఇప్పుడు టంగుమనడం లేదు. మొద్దుగా, తడి గుడ్డ ఉతికినట్టు మోగుతోంది. ఆ చప్పుడు ఆయన చెవిలోనే ముందు పడింది. ఎవరూ ఏమీ అనకముందే ఆయనే పట్టీ ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. రెండోసారి బిగించేసరికి ఉన్న ఓపిక కూడా పోయేది. నలభై ఏళ్ళుగా చేసిన పని చేతుల్లోంచి జారిపోతుందేమోనని ఆ మనిషికి జబ్బు వచ్చినప్పుడు కూడా లేని భయం పట్టుకుంది. అందుకే మేనేజరు గదికి వెళ్ళి అడిగాడు.

"సార్, బల్ల దగ్గర ఒక స్టూలు వేయించండి. పని మానను. మధ్యమధ్యలో కూర్చుని చేసుకుంటాను."

విజిల్ మేనేజరు చక్రాల కుర్చీలో ఒక చుట్టు తిరిగాడు. "మేస్త్రీ, నీ పోస్టరు చూశావా?"

"రోజూ చూస్తున్నాను సార్. ఎదురుగానే కొట్టారుగా."

"దాని మీద ఏం రాసుంది?"

"వీరుడు అలసిపోడని."

"మరి వీరుడికి స్టూలు ఎందుకయ్యా? సరుకు కొనడానికి వచ్చిన వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? నీకిస్తే పక్క బల్ల వాడు అడుగుతాడు. వాడికిస్తే కుట్టు సెక్షనంతా కూర్చుంటుంది."

కుట్టు సెక్షనంతా కూర్చోవడం అంటే ఆయన దృష్టిలో ప్రళయం.

మేస్త్రీ సంఘం లీడరు దగ్గరికి వెళ్ళాడు. లీడరు టీ తాగుతూ, చాలా సేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు. "అన్నా, నీ బాధ నాకర్థమైంది. కానీ ఇది నీ ఒక్కడి సమస్య. సంఘం అందరి సమస్యలే తీసుకుంటుంది. ఇంకో పదిమందికి వస్తే చెప్పు, అప్పుడు చూద్దాం."

"నా జబ్బు ఇంకో పదిమందికి రావాలంటావా?"

"ఛ ఛ, నేనట్లా అన్నానా? అట్లా తీసుకోకు అన్నా."

ఎట్లా తీసుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఇంటికి పోతే అక్కడ బావమరిది. ఒంటికి అతుక్కునే బనియను వేసుకుని పొద్దున్నే ఊరంతా పరిగెత్తి వస్తాడు. సోఫాలో కాలు మీద కాలేసుకుని జ్ఞానబోధ.

"అంతా మైండ్‌లోనే ఉంది బావా. రోజూ నాతో పరిగెత్తు, నీ అలసట ఎగిరిపోతుంది."

"మైండ్ బాగానే ఉందిరా. కాళ్ళే దాని మాట వినట్లేదు."

"చూశావా, నెగెటివ్‌గా మాట్లాడుతున్నావు. అందుకే అలసట."

వంటింట్లోంచి మేస్త్రీ భార్య వచ్చింది. "ఒరేయ్, మీ బావ స్నానం చేసొచ్చి తల తుడుచుకోకముందే మంచం మీద కూలబడుతున్నారు. నువ్వు పరుగంటున్నావా? ముందు లేచి ఆ బియ్యం బస్తా లోపల పెట్టు. నీ మైండ్‌తో పెట్టు, చేతులు వాడకు."

బావమరిదికి వెంటనే పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

ఇక్కడే మా మేనేజ్‌మెంటు తన తెలివి చూపించింది. ప్యాకింగుకి ముందు ప్రతి సోఫా బలం చూసే మెషీను ఒకటి ఉంది. బరువు దిమ్మతో సీటుని అణిచి వదులుతుంది. అది పాడైంది. మెషీను బాగయ్యేదాకా మనిషిని పెట్టాలి. మనిషి సోఫాలో దభీమని కూర్చోవాలి, వెనక్కి వాలాలి, పక్కకి జరగాలి, స్ప్రింగు కిర్రుమందా లేదా వినాలి, లేవాలి, తర్వాతి సోఫాకి వెళ్ళాలి. ఫ్యాక్టరీలో కూర్చోవడానికి అనుమతి ఉన్న ఏకైక ఉద్యోగం ఇది. విజిల్ మేనేజరు మొహం వెలిగిపోయింది.

"మేస్త్రీ, కూర్చోవాలన్నావుగా? పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చో! కంపెనీకి ఎంత మనసుందో చూడు. రాజభోగం!"

"సార్, లేవకుండా కూర్చుంటేనే సుఖం."

"లేవకపోతే తర్వాతి సోఫా ఎవరు చూస్తారు?"

ఆ ఇంజెక్షన్లకి తొడల్లో కండ కరిగిపోయి ఉంది. లోతు సోఫాలోంచి లేవడమే ఆయనకి అన్నిటికంటే కష్టమైన పని. మావాళ్ళు ఏరి కోరి అదే పనిని రోజంతా చేయించారు. నీళ్ళలో మునిగే వాడికి దాహం తీర్చినట్టు. మొదటి రోజు సాయంత్రం నేను జబ్బ పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళాను. "ఈ ఉద్యోగం ఇచ్చినోడికి దండం పెట్టాలిరా," అన్నాడు. "కానీ చేతులు లేవట్లేదు."

ఆ పనితో పాటు ఆయనకి కొన్ని పసుపు అట్టలు ఇచ్చారు. పరీక్ష పూర్తికాని సరుకుకి అట్ట తగిలించాలి. ఒకప్పుడు పరీక్ష అవకుండానే ప్యాకింగుకి పోయిన సోఫాలో స్ప్రింగు పైకి తన్నుకొచ్చి, యజమాని మామగారినే పొడిచింది. అప్పుడు యజమాని గోడ మీద ఇంకో రూలు రాయించాడు. పసుపు అట్ట ఉన్న సరుకుని పరీక్ష చేసే మనిషి తప్ప ఎవ్వరూ, మేనేజరుతో సహా, ముట్టుకోకూడదు. మామగారి దెబ్బ కదా, ఆ రూలు మాత్రం గట్టిగా అమలవుతుంది.

ఒకరోజు షోరూముల వాళ్ళు సరుకు చూడటానికి వచ్చారు. యజమాని వెంట ఉండి చూపిస్తున్నాడు. మేస్త్రీ అన్నిటికంటే ఖరీదైన సోఫాలో కూర్చున్నాడు, వెనక్కి వాలాడు, ఇక లేవలేదు. తల పక్కకి ఒరిగింది. గురక మొదలైంది. మేమందరం కొయ్యబారిపోయాం. మేనేజరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

షోరూము ఆవిడ చేతులు జోడించినంత పని చేసింది. "అబ్బ! ఎంత హాయిగా నిద్రపోతున్నారో చూడండి! ఈ మోడలు మా అన్ని షాపులకీ పంపించండి."

యజమాని ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మా సోఫా మహిమ అమ్మా. ఈయన మామూలు మనిషి కాదు, మా వీరుడు. అలాంటి వాడినే పడుకోబెట్టింది!"

సాయంత్రం మేనేజరు మేస్త్రీ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకే ఆయన కొంచెం కుంగాడు. "వచ్చే వారం ఇంకో పార్టీ వస్తున్నారు. ఇలాగే పడుకోవాలి. గురక కూడా ఇదే సైజులో రావాలి."

"గురక ఆర్డరిస్తే వస్తుందా సార్?"

"ప్రాక్టీసు చెయ్యి."

ఆ మాట ఇంటికి చేరింది. మర్నాడే మేస్త్రీ భార్య ఆయన్ని లేవదీసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. డాక్టరు అలవాటుగా కాగితం చూసి, "రిపోర్టు బ్రహ్మాండం..." అని మొదలుపెట్టాడు. ఆవిడ ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"కాగితాన్ని కాదు డాక్టరుగారూ, మనిషిని చూడండి. ఈ కాగితం మా ఇంట్లో స్నానం చెయ్యదు, మెట్లెక్కదు, పనికి పోదు. ఇవన్నీ చేసేది ఈయన."

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. మొదటిసారి మేస్త్రీ వైపు చూశాడు. "బాగా అలసటగా ఉంటుందా?"

"ఈ మాట మీరు అడుగుతారని ఎన్నాళ్ళో చూశానండీ," అన్నాడు మేస్త్రీ.

అప్పుడు డాక్టరు చెప్పాడు, తీరిగ్గా. ఈ వైద్యం తర్వాత ఇది చాలామందికి వస్తుందట. నిద్రపోతే పోయే అలసట కాదట. కొందరికి నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉంటుందట. రక్తం తక్కువైందేమో, థైరాయిడ్ ఏమైనా ఉందేమో చూడాలి. ఉన్న ఓపికను పొద్దుటి పూటే అంతా ఖర్చు పెట్టెయ్యకుండా పంచుకోవాలి. అలిసిపోక ముందే ఆగి కూర్చోవాలి. రోజూ ఓపిక ఉన్నంత మేర నడవాలి, మెల్లగా పెంచుకోవాలి. పూర్తిగా పడకేస్తే ఉన్న బలమూ పోతుంది.

"పని మానెయ్యమంటారా?" మేస్త్రీ అడిగాడు. అదొక్కటే ఆయన భయం.

"అక్కర్లేదు. పొద్దున కాసేపు మీ పని చేసుకోండి, కానీ మధ్యలో కూర్చోనిస్తేనే."

ఆవిడ లేచి నిలబడింది. "ఈ ముక్క ఆ రోజే చెప్తే మీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"అప్పుడు మీరు అడగలేదమ్మా."

"తెలియని దాని గురించి ఎట్లా అడుగుతాం? తెలిసినోళ్ళు మీరు!"

డాక్టరు గంట వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

రెండో పార్టీ వచ్చిన రోజు మేస్త్రీని అదే సోఫాలో కూర్చోబెట్టారు. నిద్ర రాలేదు. ఈ అలసటలో ఇదొక వింత, ఒళ్ళు పడిపోతున్నా కన్ను మూతపడదు. మేనేజరు చెవి దగ్గర గుసగుసలాడాడు. "కళ్ళు మూసుకో... గురక, గురక!"

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. వచ్చిన పెద్దాయన వంగి, "సోఫా ఎలా ఉందండీ?" అని మామూలుగా అడిగాడు.

మేస్త్రీ కళ్ళు తెరిచాడు.

"సోఫా బాగుంది బాబూ. మావాళ్ళు చేసిందే కదా. కానీ మొన్న నేను నిద్రపోయింది దీని మహిమకి కాదు. నాకు ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది. వైద్యం అయ్యాక ఒంట్లో ఓపిక అడుగంటింది. మొన్న ఇక్కడ మేకుల బల్ల వేసినా పడుకునేవాణ్ణి. నేను అడిగింది స్టూలు. వీళ్ళిచ్చింది ఇది. స్టూలు మీంచయితే లేవగలను, దీంట్లోంచి లేవలేను. కాస్త చెయ్యందిస్తారా?"

పెద్దాయన చెయ్యందించాడు. మేస్త్రీ లేచి నిలబడి, "థాంక్సండీ" అన్నాడు. పెద్దాయన యజమాని వైపు తిరిగి, "స్టూలే కదండీ అడుగుతున్నాడు?" అన్నాడు. యజమాని నవ్వాడు. ఆయన నవ్వు పోస్టరు మీద అతికించిన తలకాయలా ఉంది.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ చెక్క ముక్కలు ఏరి స్టూలు కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు కొట్టి ఆగేవాడు, మళ్ళీ కొట్టేవాడు. పెద్దక్క మిగిలిన స్పంజి తెచ్చింది. నేను కత్తిరింపుల్లో మిగిలిన రెక్సిన్ ముక్కలు కలిపి కవరు కుట్టాను, ఒక్కో పక్క ఒక్కో రంగు. చూడటానికి జోకరు టోపీలా ఉంది. మేస్త్రీ దానికి పట్టీ బిగించి వేలితో మీటాడు.

టంగుమంది.

ఆయన ఇంకోసారి మీటాడు. మాకు వినిపించాలని కాదు, తన కోసం. తర్వాత స్టూలుని తన పాత బల్ల దగ్గర వేసి, కాలికి పసుపు అట్ట తగిలించి, కూర్చుని, పని మొదలుపెట్టాడు.

విజిల్ మోగింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటిది? తీసెయ్ దాన్ని!"

"పరీక్షలో ఉంది సార్. కొత్త మోడలు."

"నేను తీస్తాను జరుగు!"

"రూలు మీ వెనకే ఉంది సార్. మేనేజరుతో సహా అని రాసుంది. మామగారి రూలు."

మేనేజరు వెనక్కి తిరిగి చదివాడు. చెయ్యి గాల్లోనే ఆగింది. "ఎప్పటికవుతుంది నీ పరీక్ష?"

"చెప్పలేను సార్. బలమైన సరుకు. టైం పడుతుంది."

వెనక పెద్దక్క పగలబడి నవ్వింది. ఆ వారమంతా మేస్త్రీ పొద్దుటిపూట స్టూలు మీద కూర్చుని పట్టీలు బిగించాడు, మధ్యాహ్నం సోఫాల పరీక్షకి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే అలసట పోలేదు. కొన్ని రోజులు స్టూలు మీద కూడా తల బల్లకి ఆనించి ఉండిపోయేవాడు. కానీ ఆయన బల్ల నించి నాకు వచ్చిన ఒక్క ఫ్రేము కూడా మొద్దుగా మోగలేదు.

నిన్న నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. మెషీను బాగైంది. రేపటినించి మనుషులతో పరీక్ష ఉండదు, పసుపు అట్టలన్నీ స్టోర్‌లో అప్పగించాలి, సొంతంగా తయారుచేసిన సామానంతా చెత్తలో వేస్తారు. ఒక మనిషిని లేపడానికి మెషీనుని బాగుచేయించారు. చక్రాల కుర్చీకి మాత్రం ఏ నోటీసూ లేదు.

కాబట్టి వినండి. రేపు ఆ స్టూలు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే కుట్టు సెక్షనంతా కూర్చుంటుంది. ప్రళయమే అనుకోండి, వచ్చి చూసుకోండి. మేస్త్రీకి పొద్దుటి పూట ఆయన బల్ల ఆయనకివ్వండి, ఓపిక చాలని పూట ఇంటికి పంపండి, ఉద్యోగానికి ఎసరు పెట్టకుండా. ప్రతి బల్ల దగ్గరా స్టూలు వెయ్యండి. లీడరూ, ఇంకో పదిమందికి జబ్బు వచ్చేదాకా ఆగకు, మా సంతకాలు కావాలంటే ఇప్పుడే తీసుకో. డాక్టరుగారూ, రిపోర్టు గురించి నోరు తెరిచే ముందు ఎదుటి మనిషిని ఎంత అలసిపోతున్నావయ్యా అని అడగండి, అడిగి జవాబు వినేదాకా గంట కొట్టకండి.

ముందుగా ఆ పోస్టరు దించండి. ఇవాళే.